తెలిసిన గాఢత గల ద్రావణాల తయారీ: ప్రమాణ ద్రావణాలు

ఈ పాఠ్యభాగం ఉద్దేశం

ఈ భాగాన్ని చదివి, స్టడీ సెంటరు ప్రయోగశాలలో ఒక్కసారైనా చేతులతో చేసి చూసిన తరువాత మీరు మూడు పనులు చేయగలగాలి. ఏ పదార్థాన్ని నేరుగా తూచి ప్రమాణ ద్రావణం చేయవచ్చో, దేన్ని చేయకూడదో చెప్పగలగాలి. తూచిన బరువు నుంచి గాఢతను లెక్కగట్టగలగాలి. సీసా మీద రాసి ఉన్న గాఢతను ఎంతవరకు నమ్మవచ్చో నిర్ణయించగలగాలి. మొదటి రెండూ పరీక్షలో అడుగుతారు. మూడోది ఉద్యోగంలో అవసరమవుతుంది.

ఉపోద్ఘాతం

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ వరకు సుమారు 40 కిలోమీటర్ల దారిలో ఎక్కువగా కనిపించేది నల్లరేగడి నేల. దాని అడుగున సున్నపురాయి, షేల్ పొరలు ఉన్నాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు వీటిని కర్నూలు సమూహం అంటారు. ఆ సమూహంలోని కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్ అనే పేర్లు మన ఊళ్ళ నుంచి వెళ్ళినవే. సున్నపురాయి గుండా ఇంకిన నీరు కాల్షియంను కరిగించుకొని వస్తుంది. అందుకే ఈ ప్రాంతంలో చాలా బోర్ల నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లటి పొర కడతాయి, సబ్బు నురగ సరిగా రాదు.

ఇలాంటి ప్రాంతంలో రసాయన శాస్త్రం చదివినవారి దగ్గరికి జనం తెచ్చే ప్రశ్నలు ముఖ్యంగా రెండు. ‘ఈ బోరు నీళ్ళు తాగవచ్చా?’ అనేది ఒకటి. ‘ఈ పొలం మట్టిలో సత్తువ ఎంత ఉంది, ఎరువు ఎంత వేయాలి?’ అనేది రెండోది. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చివరికి ఒక అంకె. ఆ అంకె అంశమాపనం (టైట్రేషన్) నుంచి వస్తుంది. అంశమాపనంలో మనం చదివేది బ్యూరెట్‌లో దిగిన మిల్లీలీటర్లను మాత్రమే. ఆ మిల్లీలీటర్లను మిల్లీగ్రాములుగా మార్చేది బ్యూరెట్‌లో పోసిన ద్రావణం గాఢత. ఆ గాఢత తప్పయితే ఆ రోజు చేసిన ప్రతి నమూనా ఫలితమూ అదే నిష్పత్తిలో తప్పుతుంది. మూడుసార్లు చేసినా అదే రీడింగు వస్తుంది కనుక, చేసినవారికి అనుమానం కూడా రాదు. ప్రమాణ ద్రావణం విషయంలో ఇంత పట్టింపు ఎందుకో ఇక్కడే గ్రహించండి.

గాఢతను చెప్పే పద్ధతులు

మోలారిటీ మీకు ఇంటర్మీడియట్ నుంచి తెలిసినదే. ఒక లీటరు ద్రావణంలో కరిగి ఉన్న ద్రావితం మోల్‌ల సంఖ్య అది. ఒక లీటరు ద్రావణంలో ఉన్న గ్రామ్ తుల్యభారాల సంఖ్య నార్మాలిటీ. ఈ రెండు నిర్వచనాల్లోనూ ‘ద్రావణం’ అనే మాటను గమనించండి. ఒక లీటరు నీటిలో కరిగించడం వేరు, కరిగించి మొత్తాన్ని ఒక లీటరు చేయడం వేరు. 49 గ్రాముల పొటాషియం డైక్రోమేట్‌ను లీటరు నీటిలో వేస్తే వచ్చే ద్రావణం లీటరు కంటే ఎక్కువ ఉంటుంది, గాఢత ఆ మేరకు తగ్గుతుంది.

అంతర్జాతీయంగా నార్మాలిటీ వాడకం తగ్గిపోయింది. అయినా మన ప్రయోగ పుస్తకాల్లోనూ, భూసార, నీటి పరీక్షల ప్రయోగశాలల్లోనూ అది ఇంకా బతికే ఉంది కనుక నేర్చుకోక తప్పదు. దానిలో ఉన్న చిక్కు ఒక్కటే. తుల్యభారం పదార్థం మీద మాత్రమే కాక చర్య మీద కూడా ఆధారపడుతుంది. ఆమ్ల యానకంలో పొటాషియం పర్మాంగనేట్ అణువు ఐదు ఎలక్ట్రాన్‌లను తీసుకుంటుంది, తటస్థ యానకంలో మూడింటినే తీసుకుంటుంది. 0.02 మోలార్ పర్మాంగనేట్ సీసా ఆమ్ల యానకంలో 0.1 నార్మల్, తటస్థ యానకంలో 0.06 నార్మల్ అవుతుంది. అందుచేత సీసా మీద మోలారిటీ రాయడం మేలు. నార్మాలిటీ రాయదలిస్తే ఏ చర్య కోసమో కూడా రాయాలి.

దేన్ని తూచి నమ్మవచ్చు?

మన ఇళ్ళలో పరిచే బేతంచెర్ల నాపరాయి సున్నపురాయే. అంటే అందులో ప్రధానంగా ఉన్నది కాల్షియం కార్బొనేట్. ప్రయోగశాలలో నీటి కఠినత్వాన్ని కొలవడానికి మూలంగా వాడేదీ కాల్షియం కార్బొనేటే. మరి నాపరాయిని పొడి చేసి తూచి ప్రమాణ ద్రావణం చేయవచ్చా? చేయకూడదు. రాతిలో సిలికా, బంకమట్టి, ఇనుము, మెగ్నీషియం కలిసి ఉంటాయి. ఏ రాయిలో ఎంత ఉందో ఆ రాయిని విశ్లేషిస్తే గాని తెలియదు. ఒక గ్రాము తూచాం అన్నది నిజమే, కాని ఒక గ్రాము దేన్ని తూచాం అన్నది తెలియదు.

తూచిన బరువునంతటినీ ఒకే ఒక తెలిసిన పదార్థంగా లెక్కించడానికి వీలున్న పదార్థాన్ని ప్రాథమిక ప్రమాణ పదార్థం అంటారు. అది శుద్ధంగా దొరకాలి. తూచేటప్పుడు గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోకూడదు, తన స్ఫటిక జలాన్ని పోగొట్టుకోకూడదు. నీటిలో తేలికగా కరగాలి. అణుభారం కొంత ఎక్కువ ఉంటే మంచిది, ఎందుకంటే ఎక్కువ బరువు తూచినప్పుడు త్రాసులోని చిన్న దోషం లెక్కలోకి రాదు. అనార్ద్ర సోడియం కార్బొనేట్, ఆక్సాలిక్ ఆమ్లం (రెండు స్ఫటిక జలాణువులతో), పొటాషియం హైడ్రోజన్ థాలేట్, పొటాషియం డైక్రోమేట్, శుద్ధమైన కాల్షియం కార్బొనేట్ ఈ కోవకు చెందుతాయి.

సోడియం హైడ్రాక్సైడ్ ఈ కోవలోకి రాదు. దాని బిళ్ళలను వాచ్ గ్లాసులో పెట్టి పది నిమిషాలు చూడండి, తడిసి మెరుస్తాయి. త్రాసు మీద అంకె మీ కళ్ళ ముందే పెరుగుతుంది. తేమతోపాటు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పీల్చుకొని కొంత భాగం కార్బొనేట్‌గా మారిపోతుంది. పర్మాంగనేట్‌లో ఎప్పుడూ కొంత మాంగనీస్ డయాక్సైడ్ ఉంటుంది, పైగా నీటిలోని సేంద్రియ మలినాలతో చర్య జరిపి గాఢత తగ్గుతుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా మీద ‘35–38 శాతం’ అని ఉంటుంది. ఆ మూడు శాతం తేడాతో ప్రమాణ ద్రావణం చేయలేం. ఇలాంటివాటిని ఉజ్జాయింపుగా తయారుచేసి, ప్రాథమిక ప్రమాణ ద్రావణంతో అంశమాపనం చేసి అసలు గాఢతను కనుక్కోవాలి. దీన్ని ప్రమాణీకరించడం అంటారు.

స్ఫటిక జలం గురించి ఒక హెచ్చరిక. బట్టల సోడాగా పేరుపొందిన సోడియం కార్బొనేట్ పది స్ఫటిక జలాణువులతో ఉంటుంది. దాని అణుభారం 286, అనార్ద్ర లవణానిది 106. ఒకదాని బదులు ఇంకొకటి తూస్తే గాఢత 2.7 రెట్లు తేడా వస్తుంది. సీసా మీద పేరు చదివి ఆగిపోకుండా దాని కింద అచ్చయిన ఫార్ములాను, అణుభారాన్ని కూడా చదవండి.

250 మి.లీ. సోడియం కార్బొనేట్ ద్రావణం: చేసే పద్ధతి

సుమారు 0.1 నార్మల్ ద్రావణం 250 మి.లీ. కావాలనుకుందాం. తుల్యభారం 53. కావలసిన బరువు:

53 × 0.1 × 250 ÷ 1000 = 1.325 గ్రాములు

ఇక్కడ చాలామంది విద్యార్థులు చేసే పని, త్రాసులో సరిగ్గా 1.3250 వచ్చేవరకు చిటికెడు వేస్తూ, చిటికెడు తీస్తూ అరగంట గడపడం. ఆ అరగంటలో పొడి తేమను పీల్చుకుంటుంది, త్రాసు పళ్ళెం మీద రాలుతుంది, వెనుక వరుసలో ఉన్నవారికి త్రాసు దొరకదు. ఇది పూర్తిగా అనవసరమైన శ్రమ. కావలసింది గుండ్రని గాఢత కాదు, తెలిసిన గాఢత. 1.30కి, 1.36కి మధ్య ఎంత వచ్చినా సరే, వచ్చినదాన్ని నాలుగు దశాంశ స్థానాల వరకు రాసుకోండి.

తూనిక సీసాలో పొడి వేసి, మూతతో సహా తూచండి. పొడిని గరాటులోకి లేదా శుభ్రమైన బీకరులోకి మెల్లగా వంచి పోసి, సీసాను మళ్ళీ తూచండి. రెండు తూనికల తేడాయే మీరు తీసుకున్న బరువు. సీసాకు అంటుకొని మిగిలిన పొడి ఈ పద్ధతిలో లెక్కను పాడుచేయదు. ఈ పొడిని ముందుగానే పింగాణీ గిన్నెలో 250–300 డిగ్రీల దగ్గర గంటసేపు వేడిచేసి, డెసికేటర్‌లో చల్లార్చి ఉంచాలి. వేడిగా ఉన్నదాన్ని తూస్తే త్రాసు చుట్టూ గాలి కదిలి అంకె నిలవదు.

తేడా 1.3412 గ్రాములు వచ్చిందనుకోండి. అప్పుడు:

నార్మాలిటీ = 1.3412 ÷ (53 × 0.250) = 0.1012

బీకరులో కొద్దిపాటి స్వేదన జలంతో పూర్తిగా కరిగించి, ద్రావణాన్ని గరాటు ద్వారా 250 మి.లీ. ప్రమాణ కుప్పెలోకి పోయాలి. బీకరును, గాజు కడ్డీని, గరాటును వాష్ బాటిల్‌తో మూడు నాలుగుసార్లు కడిగి ఆ కడుగునీళ్ళను కూడా కుప్పెలోనే పోయాలి. మీరు తూచిన 1.3412 గ్రాములూ కుప్పెలో ఉంటేనే పై లెక్క నిజం. మూడింట రెండు వంతులు నిండాక గుండ్రంగా తిప్పి కలపండి. గీతకు ఒక సెంటీమీటరు దిగువ వరకు నీళ్ళు పోసి, మెడ లోపలి గోడ నుంచి చుక్కలు దిగేదాకా ఒక నిమిషం ఆగండి. తరువాత డ్రాపర్‌తో చుక్క చుక్కగా వేయండి. ద్రవం పైతలం గిన్నెలా లోపలికి వంగి ఉంటుంది. ఆ వంపు అడుగు భాగం గీతను తాకాలి, మీ కన్ను గీతకు సమానమైన ఎత్తులో ఉండాలి. గీత దాటిందా, పారబోసి మొదటి నుంచి చేయండి. ఎక్కువైన ద్రవాన్ని పీల్చి తీసేస్తే నీళ్ళతోపాటు ద్రావితం కూడా పోతుంది.

చివరగా మూత పెట్టి, కుప్పెను పదిహేను ఇరవైసార్లు తలకిందులు చేసి కలపాలి. నా అనుభవంలో అన్నింటికంటే ఎక్కువగా వదిలేసే మెట్టు ఇదే. కలపని కుప్పె అడుగున ద్రావణం చిక్కగా, మెడలో దాదాపు వట్టి నీళ్ళుగా ఉంటుంది. మొదటి రీడింగు 18, రెండోది 21, మూడోది 23 మి.లీ. అని తెచ్చి సూచిక పాడైందనే విద్యార్థిని ‘కుప్పెను ఎన్నిసార్లు తిప్పావు?’ అని అడిగితే సరిపోతుంది.

పిపెట్‌ను, బ్యూరెట్‌ను వాటిలో పోయబోయే ద్రావణంతోనే కడగాలి. శాంకవ కుప్పెను మాత్రం స్వేదన జలంతోనే కడగాలి. పిపెట్ కొనలో మిగిలే ఆఖరి చుక్కను ఊదకండి, అది మిగులుతుందని లెక్కలోకి తీసుకొనే పిపెట్ మీద గీత పెట్టారు.

బీకరు గీతకు, కుప్పె గీతకు తేడా

‘లీటరు బీకరు ఉంది కదా, దాని మీద గీతలూ ఉన్నాయి కదా’ అనే ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. బీకరు మీద చిన్న అక్షరాలలో ±5 శాతం అని ముద్రించి ఉంటుంది. అంటే లీటరు గీత దగ్గర 950 నుంచి 1050 మి.లీ. వరకు ఎంతైనా ఉండవచ్చు. ‘ఎ’ తరగతి 250 మి.లీ. ప్రమాణ కుప్పెకు అనుమతించే దోషం ±0.15 మి.లీ. మాత్రమే. ఇది 0.06 శాతం. బీకరు గీత పోసేటప్పుడు అంచనాకు మాత్రమే.

కుప్పె మీద 20 డిగ్రీలు లేదా 27 డిగ్రీలు అని కూడా రాసి ఉంటుంది. మన దగ్గర ఇది కంటితుడుపు వివరం కాదు. నంద్యాల వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. నీరు 20 నుంచి 40 డిగ్రీలకు వేడెక్కితే దాని ఘనపరిమాణం 0.6 శాతం పెరుగుతుంది. 250 మి.లీ.లో ఇది 1.5 మి.లీ., అంటే కుప్పెకు అనుమతించిన దోషానికి పది రెట్లు. చేసిన గదిలోనే, అదే వేడిలో వాడితే పెద్ద ఇబ్బంది లేదు. ఏసీ గదిలో చేసి, ఫ్యాను కూడా లేని గదిలో మధ్యాహ్నం వాడితే తేడా వస్తుంది. కరిగేటప్పుడు వేడి పుట్టించే సోడియం హైడ్రాక్సైడ్, సల్ఫ్యూరిక్ ఆమ్లం వంటివాటి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ద్రావణం గది ఉష్ణోగ్రతకు చల్లారిన తరువాతే గీత వరకు నింపాలి. (ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు. ఇది వందోసారి వింటున్నా మళ్ళీ వినండి.)

ఏ నీళ్ళు?

స్వేదన జలం అయిపోయినప్పుడు బోరు నీళ్ళతో పని కానిద్దామనే ఆలోచన ఈ ప్రాంతంలో ఎంత ప్రమాదమో ఒక చిన్న లెక్కతో చూద్దాం. లీటరుకు 400 మి.గ్రా. కఠినత్వం (కాల్షియం కార్బొనేట్‌గా) ఉన్న నీటిలో సుమారు 0.004 మోలార్ కాల్షియం ఉన్నట్లు. ఆ నీటితో 0.01 మోలార్ ఈడీటీఏ ద్రావణం చేశారనుకోండి. ఈడీటీఏ కాల్షియంతో ఒకటికి ఒకటిగా కలుస్తుంది. కనుక సీసాలోనే 0.004 మోలార్ ఖర్చయిపోయి, పనికి మిగిలేది 0.006 మోలార్ మాత్రమే. నమూనాను ముట్టుకోకముందే నలభై శాతం పోయింది! అదే నీటితో సోడియం హైడ్రాక్సైడ్ చేస్తే తెల్లగా కాల్షియం కార్బొనేట్ తేలుతుంది, సిల్వర్ నైట్రేట్ చేస్తే క్లోరైడు వల్ల పాలలా విరుగుతుంది. ఇవి కంటికి కనబడతాయి కనుక నయం. ఈడీటీఏ విషయంలో ఏమీ కనబడదు.

ఇరవై లీటర్ల డబ్బాల్లో వచ్చే తాగునీరు స్వేదన జలం కాదు, దానిలో కొంత లవణం ఉండనే ఉంటుంది. మీ చేతిలో ఉన్న నీరు పనికివస్తుందో లేదో తెలుసుకోవడానికి 20 మి.లీ. నీటికి కొద్దిగా అమ్మోనియా–అమ్మోనియం క్లోరైడ్ బఫర్, రెండు చుక్కల ఎరియోక్రోమ్ బ్లాక్ టి సూచిక కలపండి. నీలం రంగు వస్తే కఠినత్వం లేదు. ద్రాక్షారసం వంటి ఎరుపు వస్తే ఆ నీరు ఈ పనికి వద్దు.

మొదటి ఉదాహరణ: బోరు నీటి కఠినత్వం

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం తాగునీటిలో మొత్తం కఠినత్వం లీటరుకు 200 మి.గ్రా. వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 600 మి.గ్రా. వరకు అనుమతిస్తారు. కఠినత్వాన్ని కొలిచేది ఈడీటీఏ అంశమాపనంతో. దీన్ని 1940లలో స్విట్జర్లాండ్‌లో ష్వార్జెన్‌బాహ్ అనే శాస్త్రజ్ఞుడు అభివృద్ధి చేశాడు.

డైసోడియం ఈడీటీఏ (రెండు స్ఫటిక జలాణువులతో) అణుభారం 372.24. 3.722 గ్రాములు తూచి లీటరుకు నింపితే 0.01 మోలార్ అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ ద్రావణం ఒక మిల్లీలీటరు, ఒక మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేట్‌కు సమానం. లెక్క ఇంత సులువుగా ఉండడమే ప్రమాదం. మామూలు ప్రయోగశాల శ్రేణి లవణంలో తేమ ఎంతో, శుద్ధత ఎంతో తెలియదు కనుక దీన్ని ప్రమాణీకరించాలి. అందుకు 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన శుద్ధ కాల్షియం కార్బొనేట్ 1.000 గ్రాము తూచి, కొద్దిగా నీటితో తడిపి, మూత వేసిన బీకరులో హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్క చుక్కగా వేసి కరిగించాలి. పొంగు వల్ల తుంపర్లు పోకుండా చూడాలి. కార్బన్ డయాక్సైడ్ పోయేదాకా మరిగించి, చల్లార్చి, లీటరు కుప్పెలో గీత వరకు నింపాలి. ఇదీ 0.01 మోలార్. ఇందులో 20 మి.లీ. తీసుకొని, బఫర్‌తో పీహెచ్ 10 దగ్గర ఉంచి, ఎరుపు పూర్తిగా పోయి నీలం వచ్చేవరకు ఈడీటీఏతో అంశమాపనం చేయాలి. మెగ్నీషియం బొత్తిగా లేకపోతే ఈ సూచిక రంగు స్పష్టంగా మారదు. అందుకే ఈడీటీఏ ద్రావణం చేసేటప్పుడే చిటికెడు మెగ్నీషియం క్లోరైడ్ కలిపి, ఆ తరువాత ప్రమాణీకరిస్తారు.

20.0 మి.లీ. కాల్షియం ద్రావణానికి 20.8 మి.లీ. ఈడీటీఏ పట్టిందనుకోండి.

ఈడీటీఏ మోలారిటీ = 20.0 × 0.01 ÷ 20.8 = 0.00962

ఇప్పుడు ఒక బోరు నీటి నమూనా 50 మి.లీ.కు ఇదే ఈడీటీఏ 30.8 మి.లీ. పట్టిందనుకుందాం. సీసా మీది 0.01ని నమ్మి లెక్క వేస్తే కఠినత్వం లీటరుకు 616 మి.గ్రా. అసలు గాఢతతో వేస్తే 592 మి.గ్రా. మొదటి అంకె పరిమితిని దాటింది, రెండోది దాటలేదు. వేరే నీరు లేని ఊరిలో ఒక బోరును వాడాలా, మూసేయాలా అనేది నాలుగు శాతం మీద ఆధారపడింది. తప్పు రెండో దిక్కుకు జరిగితే, అంటే ఈడీటీఏ అనుకున్నదానికంటే చిక్కగా ఉంటే, మూయవలసిన బోరుకు మంచి సర్టిఫికెట్ వస్తుంది.

రెండో ఉదాహరణ: మట్టిలో సేంద్రియ కర్బనం

నంద్యాలలో వ్యవసాయ పరిశోధన స్థానం 1906లో మొదలైంది. మట్టిని కొలిచి సలహా చెప్పే ఆచారం ఈ ఊరికి కొత్తది కాదు. 2015లో వచ్చిన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో ప్రతి నమూనాకు కొలిచే 12 అంశాల్లో సేంద్రియ కర్బనం ఒకటి. 1934లో వాక్లీ, బ్లాక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రచురించిన పద్ధతే దీనికి ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది.

ఒక గ్రాము మట్టికి సరిగ్గా 10 మి.లీ. 1 నార్మల్ పొటాషియం డైక్రోమేట్, 20 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి అరగంట ఉంచుతారు. మట్టిలోని కర్బనం కొంత డైక్రోమేట్‌ను ఖర్చుచేస్తుంది. నీటితో పలుచన చేసి, ఫాస్ఫారిక్ ఆమ్లం, డైఫినైల్ అమీన్ సూచిక వేసి, మిగిలిన డైక్రోమేట్‌ను 0.5 నార్మల్ ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో అంశమాపనం చేస్తారు. మట్టి లేకుండా ఇదే పని ఇంకొకసారి చేస్తారు, దాన్ని బ్లాంక్ అంటారు.

సేంద్రియ కర్బనం శాతం = 10 × (బ్లాంక్ − నమూనా) ÷ బ్లాంక్ × 0.003 × 100 ÷ మట్టి బరువు

(ఒక మిల్లీతుల్యభారం కర్బనం 3 మి.గ్రా., అంటే 0.003 గ్రాములు.)

ఈ సూత్రాన్ని నిదానంగా చూడండి. ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ నార్మాలిటీ ఇందులో ఎక్కడా లేదు. ఈ లవణానికి మోర్ లవణం అని పేరు. 1855లో అంశమాపన విశ్లేషణ మీద ప్రసిద్ధ గ్రంథం రాసిన జర్మన్ రసాయనవేత్త మోర్ పేరు మీదే అది వచ్చింది. దీని ద్రావణం గాలి తగిలి రోజురోజుకూ బలహీనపడుతుంది. ఆ బలహీనత బ్లాంక్‌లోనూ, నమూనాలోనూ ఒకే నిష్పత్తిలో ఉంటుంది కనుక భాగహారంలో కొట్టుపోతుంది. ఏ ద్రావణం మారిపోతుందో తెలిసి, దాని మార్పు ఫలితానికి తగలకుండా పద్ధతిని అల్లారు. షరతు ఒక్కటే, బ్లాంక్‌ను ఏ రోజుకారోజు చేయాలి. నిన్నటి బ్లాంక్‌తో నేటి నమూనాను లెక్కించే ప్రయోగశాల ఈ పద్ధతిలోని తెలివినంతా పారబోసినట్లే.

సూత్రం మొదట్లో ఉన్న 10 మాత్రం 10 మి.లీ. × 1 నార్మల్ నుంచి వచ్చింది. అంటే డైక్రోమేట్ గాఢతను మాత్రం సూత్రం పూర్తిగా నమ్ముతుంది. ఇది ప్రాథమిక ప్రమాణ పదార్థం, తుల్యభారం 49.03. ఆరబెట్టిన 49.03 గ్రాములు తూచి లీటరు ప్రమాణ కుప్పెలో చేస్తే ఏ చిక్కూ లేదు. దాన్ని బీకరు గీత వరకు నింపి, నిజానికి 0.95 నార్మల్ చేశారనుకుందాం. ఫెర్రస్ ద్రావణం సరిగ్గా 0.5 నార్మల్ అయితే బ్లాంక్ 19.0 మి.లీ. వస్తుంది. నమూనాకు 15.8 మి.లీ. వచ్చింది. సూత్రం ప్రకారం కర్బనం 0.51 శాతం. అసలు విలువ దానిలో 0.95 వంతు, అంటే 0.48 శాతం. 0.50 కంటే తక్కువైతే ‘తక్కువ’ తరగతి, 0.50–0.75 ‘మధ్యస్థం’. మెట్ట నల్లరేగడి నేలల్లో సేంద్రియ కర్బనం సాధారణంగా ఈ హద్దు దగ్గరే లేదా దాని దిగువనే ఉంటుంది కనుక ఈ తేడా కాగితం మీది తేడా కాదు. ‘తక్కువ’ అంటే నత్రజని మోతాదు పెంచమని సలహా ఇస్తారు. ‘మధ్యస్థం’ అని తప్పుగా రాస్తే ఆ ఏడు పైరుకు ఆ మేరకు నత్రజని అందదు. రైతు విత్తనాన్నో, వానలనో అనుమానిస్తాడు గాని, ఎక్కడో బీకరు గీతను నమ్మి చేసిన ద్రావణాన్ని అనుమానించడు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

ఆక్సాలిక్ ఆమ్లం (రెండు స్ఫటిక జలాణువులతో, తుల్యభారం 63.03) 1.6020 గ్రాములు తూచి 250 మి.లీ. ద్రావణం చేశారు. ఇందులో 20.0 మి.లీ.ను ఫినాఫ్తలీన్ సూచికతో అంశమాపనం చేయగా 20.6 మి.లీ. సోడియం హైడ్రాక్సైడ్ పట్టింది. రెండు ద్రావణాల నార్మాలిటీలను కనుక్కోండి. లెక్క చేసిన తరువాతే జవాబు చూడండి: ఆక్సాలిక్ ఆమ్లం 0.1017, సోడియం హైడ్రాక్సైడ్ 0.0987.

సీసా, చీటీ

సోడియం హైడ్రాక్సైడ్‌ను మరిగించి చల్లార్చిన నీటితో చేసి, ప్లాస్టిక్ సీసాలో ఉంచండి. గాజు సీసాలో, గాజు మూతతో ఉంచితే మూత అతుక్కుపోతుంది. పర్మాంగనేట్‌ను, సిల్వర్ నైట్రేట్‌ను గోధుమరంగు సీసాలో, వెలుతురుకు దూరంగా ఉంచాలి. డైక్రోమేట్ మూత గట్టిగా ఉంటే నెలల తరబడి నిలుస్తుంది. అది విషపదార్థం, క్యాన్సర్ కారకం కూడా. నోటితో పిపెట్ చేయకండి, రబ్బరు బల్బు వాడండి. వాడిన ద్రావణాన్ని సింకులో పోయకుండా వేరే డబ్బాలో పట్టి ఉంచి ప్రయోగశాల బాధ్యులకు అప్పగించండి.

చీటీ మీద పదార్థం పేరు, స్ఫటిక జలంతో సహా రాయాలి. గాఢతను నాలుగు దశాంశ స్థానాలతో, ప్రమాణీకరించిన తేదీని, దేనితో ప్రమాణీకరించారో, గది ఉష్ణోగ్రతను, మీ సంతకాన్ని కూడా రాయాలి. ‘0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్’ అని మాత్రమే ఉన్న సీసాను ఉజ్జాయింపు ద్రావణంగానే చూడండి. దానితో పని మొదలుపెట్టే ముందు 20 మి.లీ. ఆక్సాలిక్ ఆమ్లంతో ఒకసారి సరిచూడడానికి పట్టేది పది నిమిషాలు.